టెలివిజను దృశ్యముల కుదింపు



నేటి నా ప్రసంగవిషయమును విని మీలో కొందరు నవ్వుకొందురని యెరుగుదును. ముప్పది నాలుగేండ్లు బడిపిల్లలకు బాలవ్యాకరణమును, ఛందస్సును చెప్పి విశ్రాంతి గైకొన్న తెలుగు పండితునకు టెలివిజనుతోడను, కంప్యూటరుతోడను నేమి పని యని వారడుగవచ్చును. దానికి నాకు రెండు సమాధానములు గలవు. మొదటిది: టెలివిజనులో వచ్చిన కార్యక్రమమును ఇంటి కంప్యూటరులో పట్టియుంచి, రాత్రివేళ మనము నిద్రించుచుండగా దానిని తనంతట తానే చిన్నదిగా కుదించి భద్రపరచునట్లు చేయు విద్య, పండితులకు తెలిసిన సంక్షేపవిద్యకు దగ్గరి చుట్టమే. రెండవది: ఆ విద్యలో నేను చేసిన యొక పొరపాటు వలన మరల సంపాదింపరాని వస్తువు నొకదానిని పోగొట్టుకొంటిని. ఎవరికైనను ఇంటిలో ఇట్టి యేర్పాటున్న యెడల, నాకు జరిగినది వారికి జరుగకుండుటకై ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

ముందుగా, కుదించవలసిన యవసరమేమో చూతము. మన దేశపు సాధారణ టెలివిజను చిత్రము అడ్డముగా 720, నిలువుగా 576 బిందువులు గలది. అనగా ఒక్క చిత్రమున 4,14,720 బిందువులు. వెలుగు, రంగు కలిపి ఒక్కొక్క బిందువునకు సగటున ఒకటిన్నర బైటు చొప్పున లెక్కించిన యెడల, ఒక్క చిత్రమునకు 6,22,080 బైట్లగును. అట్టి చిత్రములు సెకనునకు 25 కన్నులయెదుట కదలును. ఈ లెక్కను గంటకు పెంచి చూచిన యెడల సుమారు 56 గిగాబైట్లు. అప్పటి నా కంప్యూటరులోని డిస్కు 500 గిగాబైట్లది. అది తొమ్మిది గంటల కార్యక్రమమునకైనను చాలదన్నమాట.

అయితే ప్రసారము చేయువారు చిత్రములను ఇట్లు విప్పి పంపరు. వారు ముందే కుదించి పంపుదురు. ఉపగ్రహమునుండి పైకప్పు మీది పళ్లెమునకు వచ్చి, అందుండి నా కంప్యూటరులోని కార్డునకు దిగిన ప్రసారము గంటకు సుమారు 1.8 గిగాబైట్లు మాత్రమే యుండెడిది. ముప్పదింట నొక వంతు కంటెను తక్కువ. ఐనను దినమునకు మూడు గంటల చొప్పున పట్టియుంచిన యెడల మూడు నెలలలో నా డిస్కు నిండును. కావున దానిని మరికొంత కుదించుట నాకు తప్పనిసరియయ్యెను.

ఇక కుదింపనగా నేమి? ఇందు రెండు జాతులు గలవు. ఒకటి నిర్నష్టము, మరియొకటి సనష్టము. నిర్నష్టమనగా చిన్నదిచేసిన దానిని విప్పినపుడు పూర్వరూపము అక్షరమైన పోకుండ తిరిగివచ్చుట. ఇది మనకు క్రొత్త కాదు. వ్యాకరణమున "పరుషములు" అన్న యొక్క మాట క చ ట త ప లయిదింటికిని చెల్లును. సంస్కృతమున పాణిని "అచ్" అను రెండు వర్ణములలో అచ్చులన్నిటిని ఇమిడ్చెను. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ యని యేడక్షరములు చెప్పిన చాలును. ఇరువది యక్షరముల గురులఘుక్రమము పొల్లుపోకుండ తెలిసివచ్చును. అర్ధమాత్ర తగ్గిన చాలును, కొడుకు పుట్టినంత సంతోషము వైయాకరణులకని లోకమున వాడుక గలదు. కంప్యూటరులో వ్రాతపత్రములను కుదించు విధము ఇట్టిదే.

సనష్టమనగా కొంత విడిచివేయుట. భారతకథను ఒక గంటలో పిల్లలకు చెప్పినపుడు పదునెనిమిది పర్వములను చెప్పలేము. ముఖ్యమైనది చెప్పి తక్కినది విడుతుము. ఆ గంటను మరల విప్పి భారతము చేయుట యెవరికిని సాధ్యము కాదు. టెలివిజను దృశ్యముల కుదింపు ప్రధానముగా ఈ రెండవ జాతికి చెందినది. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాను. నా కథకంతకు నిదియే మూలము.

దృశ్యమును కుదించు యంత్రము మూడు మార్గములను అవలంబించును.

మొదటి మార్గము అనువృత్తి. పాణిని సూత్రములు సుమారు నాలుగువేలు. ఒక సూత్రమున చెప్పిన మాటను తరువాతి సూత్రమున మరల చెప్పడు. పైనుండి దిగివచ్చునని మనమే గ్రహింపవలెను. ఇక్కునకు యణ్ణును విధించిన సూత్రమున "అచ్చు పరమగునపుడు" అను మాట యున్నది. దాని క్రింది సూత్రమున ఆ మాట లేదు. ఐనను ఉన్నట్లే యర్థము చెప్పుకొందుము. దృశ్యములందును ఇదే జరుగును. వార్తలు చదువు మనిషి వెనుకనున్న గోడ ఒక చిత్రమునుండి మరియొక చిత్రమునకు మారదు. అట్టిదానిని సెకనునకు ఇరువదియైదు మారులు చెప్పుట యెందుకు? యంత్రము ఒక చిత్రమును పూర్తిగా చెప్పి, తరువాతి చిత్రములందు మారినదానిని మాత్రము చెప్పును. చిత్రమును పదునారు బిందువుల పొడవు, పదునారు బిందువుల వెడల్పు గల గళ్లుగా విభజించును. మన టెలివిజను చిత్రమున అట్టి గళ్లు 1,620. "ఈ గడి వెనుకటి చిత్రమున కొంచెము ఎడమగా నుండెడిది, దానినే తెచ్చి యిచట పెట్టుము" అని సంజ్ఞ వ్రాసిన చాలును. అధికారసూత్రము పోయిన యెడల దాని క్రింది సూత్రములకు అర్థము చెడునట్లే, పూర్తిచిత్రము చెడిన యెడల తరువాతి పూర్తిచిత్రము వచ్చువరకు దృశ్యమంతయు గళ్లుగళ్లుగా విరిగిపోవును. వానవేళ ఉపగ్రహప్రసారమున ఇది మీరందరు చూచినదే.

రెండవ మార్గము గణితము. చిత్రములోని చిన్న గడియందు ఎనిమిదింటి నెనిమిది, అరువది నాలుగు బిందువులను తీసికొనుడు. ఒక్కొక్క బిందువు వెలుగును విడివిడిగా చెప్పుటకు మారుగా, అరువది నాలుగు నిర్ణీతమైన అల్లికలలో ఏది యెంత కలసిన ఈ గడి యగునో చెప్పవచ్చును. ఒక పంచెను వర్ణింపవలసినపుడు దారము దారమునకు రంగు చెప్పము గదా. తెల్లని పంచె, ఎర్రని యంచు అందుము. అట్లే ఇందును నెమ్మదిగా మారు అల్లికలే యెక్కువ భాగమును మోయును. సన్నని అల్లికల పాలు మిక్కిలి స్వల్పము. ఈ పద్ధతిని కనుగొన్న వ్యాసము 1974 జనవరిలో అమెరికాలో ప్రకటింపబడెను. దానిని వ్రాసినవారు ముగ్గురు: బెంగుళూరున జన్మించి అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున పనిచేసిన నాసిర్ అహ్మద్ గారు, వారి శిష్యులు టి. నటరాజన్ గారు, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి టెక్సాసులోని ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన కామిశెట్టి రామమోహనరావు గారు. 1972లో అహ్మద్ గారు ఈ పరిశోధనకై అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను ధనసహాయ మడుగగా ఆ సంస్థ ఇయ్యలేదు. వారు తమంతట తామే సాగించిరి. నేడు ఫొటోలందును, టెలివిజనునందును, చేతి ఫోనులందును ఆ గణితము నడచుచున్నది. రామమోహనరావు గారు 2021లో స్వర్గస్థులైరి.

మూడవ మార్గము విడుపు. నష్టము ఇచటనే కలుగును. గణితము చేసిన తరువాత వచ్చిన సంఖ్యలను ఒక సంఖ్యచే భాగించి, మిగిలిన భిన్నమును పారవేయుదురు. పొలము కొలిచిన కరణము సెంట్లను విడిచి యకరములను మాత్రము వ్రాసికొన్నట్లు. కన్ను వెలుగులోని భేదమును చక్కగా పట్టును. రంగులోని సన్నని భేదమును అంతగా పట్టదు. నెమ్మదియైన మార్పును గమనించును. ఇసుకరేణువులవంటి సన్నని భేదమును అంతగా గమనింపదు. కన్ను గమనింపనిదానిని విడిచినచో నష్టము జరిగినను జరిగినట్లు తోచదు. భాగించు సంఖ్య పెద్దదైనకొలది విడుపు పెరుగును, ఫైలు తరుగును, చిత్రము మసకబారును.

ఇక ఇంటి కంప్యూటరు సంగతి. ఆ కాలమున నాకు వచ్చుచుండిన ప్రసారము ఎంపెగ్-2 అను పద్ధతిలో కుదింపబడినది. అది 1995 నాటిది. 2003లో హెచ్.264 అను పద్ధతి వచ్చెను. అనువృత్తిని ఇది మరింత నిపుణముగా వాడును. గళ్లను చిన్నవిగా విభజించును. వెనుకటి చిత్రములను అనేకములను చూచి సరిపోలునది యేరుకొనును. కావున అదే నాణ్యతకు తక్కువ స్థలము చాలును. నా కొలతలో గంటకు 1.8 గిగాబైట్లుండిన కార్యక్రమము సుమారు 600 మెగాబైట్లయ్యెను. 2013లో హెచ్.265, 2018లో ఏవీ1 అనునవి వచ్చినవి; అవి ఇంకను పొదుపైనవి, కాని కంప్యూటరునకు శ్రమ యెక్కువ.

ఈ పని చేయు ప్రోగ్రాములు ధర లేకుండనే దొరకును. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనునది 2000 సంవత్సరమున ఫాబ్రిస్ బెల్లార్డ్ అను ఫ్రెంచి పండితుడు ఆరంభించినది. హ్యాండ్‌బ్రేక్ అనునది మీటలు నొక్కి పనిచేయించుకొనదగినది. వీనియందు మనము నిర్ణయింపవలసినవి మూడు గలవు. మొదటిది నాణ్యతసంఖ్య. హెచ్.264 పద్ధతిలో సామాన్యముగా వాడు సాధనమున ఇది 0 మొదలు 51 వరకు నుండును. మనమేమియు చెప్పనిచో 23 తీసికొనును. సంఖ్య తగ్గినకొలది నాణ్యత పెరుగును. నేను 20 ఉంచితిని. రెండవది వేగము. నెమ్మదిగా పనిచేయుమన్నచో ఎక్కువ వెదకి తక్కువ స్థలమున ఇమిడ్చును. రాత్రి పనికి తొందర లేదు గావున నెమ్మదియే మేలు. మూడవది గీతల సంగతి. మన టెలివిజను చిత్రమును బేసిగీతలు, సరిగీతలు అని రెండు సగములుగా సెకనులో ఏబదియవ వంతు యెడముతో పంపుదురు. కంప్యూటరు తెరపై వానిని కలిపి చూపినపుడు కదలుచున్న చేతికి దువ్వెనపండ్లవంటి అంచులు కనబడును. కుదించునపుడే దానిని సవరింపుమని చెప్పవలెను.

ఒక ముఖ్యమైన మాట. ఒకసారి కుదించినదానిని విప్పి మరల కుదించుట, తాటాకు ప్రతికి ప్రతి వ్రాయుటవంటిది. మొదటి వ్రాయసకాని తప్పును రెండవవాడు దిద్దలేడు సరికదా, తన తప్పును గూడ చేర్చును. ప్రసారము చేయువారు ఒకసారి విడిచినారు. మనము రెండవసారి విడుచుచున్నాము. కావున ఒకసారికంటె నెక్కువ చేయరాదు.

ఇంతవరకు కుదింపు. ఇక తనంతట తాను చేయుట. కార్యక్రమమును పట్టు ప్రోగ్రాము ప్రతిదానిని ఒక అరలో పడవేయును. కంప్యూటరులో గడియారమును చూచి పనులను మొదలుపెట్టు సాధన మొకటి యుండును. రాత్రి రెండు గంటలకు అది లేచి, అరలో క్రొత్త ఫైలున్నదా యని చూచి, ఉన్నచో కుదించి, మరియొక డిస్కులో పెట్టి, పాతదానిని చెరిపివేయును. ఈ ఆజ్ఞలన్నియు ఒక కాగితమంత పత్రమున పంక్తి తరువాత పంక్తిగా వ్రాసియుంచుదురు. నా మేనల్లుడు అప్పుడు ఇంజనీరింగు చదువుచుండెను. సెలవులకు వచ్చి రెండు దినములలో ఇదంతయు నాకు నేర్పి, నాచేతనే వ్రాయించెను.

ప్రకటనలను గూడ తనంతట తాను కోసివేయు ప్రోగ్రాములు గలవు. తెర ఒక్క క్షణము నల్లబడుట, ధ్వని యాగుట, మూలనున్న ఛానలు గుర్తు మాయమగుట మొదలగువానిని హేతువులుగా గొని, ఇచట ప్రకటన యున్నదని యవి యనుమానము చేయును. అనుమానమన్న తరువాత హేత్వాభాసము తప్పదు. తెర నల్లబడుట ప్రకటనకు ముందు ఉండును. నాటకములో దీపమార్పినపుడును ఉండును. తార్కికులు సవ్యభిచారమను దోషమిదియే. కావున అట్టి ప్రోగ్రామును గుర్తులు పెట్టుమనవచ్చును గాని, కోసివేయుమనరాదు.

ఇక నా కథ. ఇది 2018 నాటిది. ప్రాచ్యకళాశాలలో నాకు చదువుచెప్పిన గురువుగారు ఎనుబది రెండేండ్ల వయస్సున ఒక అష్టావధానము చేసిరి. వారి చివరి యవధాన మదియే. ఒక తెలుగు ఛానలు దానిని గంటా ఇరువది నిమిషములు ప్రత్యక్షముగా ప్రసారము చేసెను. ఆనాడు ఇంటిలో శుభకార్యముండుటచే నేను సభకు పోజాలకపోతిని. కంప్యూటరును పట్టియుంచుమని యాజ్ఞాపించితిని. మరునాడు చూడగా కుదించిన ఫైళ్ల పట్టికలో దాని పేరు కనబడెను. పేరును చూచి సంతోషించితిని; తెరచి చూడలేదు. తీరికవేళ నిమ్మళముగా చూతమనుకొంటిని.

అయిదు నెలలకు గురువుగారు గతించిరి. పండ్రెండవనాడు వారి కుమార్తె నన్ను పిలిచి, "అన్నయ్యా, నాన్నగారి అవధానం నీ దగ్గర ఉందట గదా. ఆయన గొంతు పిల్లలకు ఒక్కసారి వినిపించవూ?" అని యడిగినది. సాయంకాలము బంధువులు, శిష్యులు నలుబదిమంది కూర్చుండిరి. కంప్యూటరును మోసికొనిపోయి దృశ్యమును మొదలుపెట్టితిని. మొదటి యావృత్తి ముగిసినది. రెండవ యావృత్తిలో దత్తపది పృచ్ఛకుని వైపు తిరిగి గురువుగారు చేయి పైకెత్తిరి. అచట దృశ్యమాగిపోయినది. ఇరువది మూడు నిమిషములు. అంతకు మించి యేమియు లేదు.

అవధానమన్నదానికి కిరీటము ధారణ. పాదము పాదముగా విడివిడిగా చెప్పిన పద్యములన్నిటిని, అడ్డువచ్చిన ప్రసంగములను దాటి, తుదకు వరుసగా ఒప్పజెప్పుట. ఎనుబది రెండేండ్ల మనిషి కాగితము లేకుండ మనసున నిలిపినదానిని, అయిదువందల గిగాబైట్ల నా యంత్రము నిలుపలేకపోయెను.

ఇంటికి వచ్చి యంత్రము వ్రాసికొను దినచర్యను వెదకితిని. ఆ రాత్రి రెండు గంటల ముప్పదియొక నిమిషమునకు ఒక పంక్తి యున్నది: డిస్కున స్థలము లేదు. కుదించిన ఫైళ్లను పెట్టు పాత డిస్కు చిన్నది, అది నిండిపోయినది. కుదింపు నడుమ నాగినది. దాని క్రింది పంక్తిలో నేను వ్రాసిన యాజ్ఞ: పాతదానిని చెరిపివేయుము. యంత్రము వెంటనే చెరిపివేసినది. కుదింపు జయప్రదమైనదా, లేదా యని చూచి చెరుపుమని నేను చెప్పలేదు. దీని తరువాత అది చేయుమని మాత్రమే చెప్పితిని. మేనల్లునికి ఫోను చేయగా వాడు చాలసేపు మాటాడలేదు. తుదకు, "మామయ్యా, అది మనం చెప్పిందే చేసింది. మనం చెప్పవలసింది చెప్పలేదు" అనెను. వానిని తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. కారణము లేని యానంతర్యము, కారణముతో గూడిన యానంతర్యము అను భేదమును ముప్పదియేండ్లు పాఠము చెప్పినవాడను నేను. "తిని పోయెను" అనుటకును "తిన్నచో పోవలెను" అనుటకును గల భేదమది. క్త్వార్థకమునకును చేదర్థకమునకును గల భేదమును పిల్లలకు చెప్పి, యంత్రమునకు చెప్ప మరచితిని.

చెరిపిన ఫైలును తిరిగి తీయవచ్చునని మీలో కొందరనవచ్చును. అది నిజమే. చెరుపుటయనగా ఆ స్థలము ఖాళీ యని గుర్తుపెట్టుట మాత్రమే. దానిపై వేరొకటి వ్రాయువరకు పాతది యుండును. కాని మరునాటి ప్రొద్దుననే నా యంత్రము మరియొక కార్యక్రమమును పట్టినది. అయిదు నెలలు పట్టుచునేయుండినది. ఇంకొక సంగతి గూడ గమనింపుడు. నేను వాడిన మట్రోస్కా యను పేటిక, నడుమ తెగినను తెగినంతవరకు చక్కగా నడచును. అది దాని గుణమే. కాని ఆ గుణము వలననే, తెగినది తెగినట్లు పైకి తెలియలేదు.

ఇది జరిగిన తరువాత నా పత్రమును తిరుగవ్రాసితిని. అందలి నియమములను క్రమముగా చెప్పెదను.

ఒకటి: పని మొదలుపెట్టకముందు రెండు డిస్కులందును ఖాళీ యెంతయున్నదో చూడవలెను. పది గిగాబైట్లకు తక్కువయైనచో పని మొదలుపెట్టక నాకు తెలుపవలెను.

రెండు: ప్రతి ప్రోగ్రామును పని ముగించునపుడు ఒక సంఖ్యను చెప్పిపోవును. సున్న యనగా జయము, మరియేదైనను అపజయము. సున్న వచ్చినపుడే తరువాతి పంక్తికి పోవలెను.

మూడు: జయమన్న మాటను గూడ వెంటనే నమ్మరాదు. పాతదాని నిడివిని, క్రొత్తదాని నిడివిని కొలిచి పోల్చవలెను. రెండు సెకనులకంటె ఎక్కువ భేదమున్నచో ఆగవలెను. చిత్రము, ధ్వని రెండును ఉన్నవా యని చూడవలెను. ధ్వని లేని ఫైలునకు గూడ నిడివి సరిగానే యుండును. ఈ కొలతలు చేయు సాధనము ఎఫ్ఎఫ్ఎంపెగ్ తోడనే వచ్చును.

నాలుగు: ఐనను చెరుపరాదు. పాతదానిని వేరొక అరలోనికి జరిపి పదునైదు దినములుంచవలెను. ఆ లోపల మనిషి కన్ను దానిపై పడవలెను: మొదట నొక నిమిషము, నడుమ నొక నిమిషము, చివర నొక నిమిషము. చివరి నిమిషమే ముఖ్యము. నేను ఆ యొక్క నిమిషము చూచియున్న యెడల ఆ దినముననే నిజము తెలిసియుండెడిది. గురువుగారు బ్రతికియుండగనే వారి యెదుట కూర్చుండి పద్యములు తిరిగి వ్రాసికొనియుందును.

అయిదు: మరల దొరకనిదానిని కుదింపనే రాదు. దినదినము వచ్చు వార్తలను, ధారావాహికలను ఎంతయైన కుదింపుడు. కాని యింటి పెద్దల గొంతు, గురువుల పాఠము, బిడ్డల మొదటి పలుకు, ఇట్టివానిని వచ్చినవి వచ్చినట్లే యుంచి, రెండు ప్రతులు చేసి, ఒక ప్రతిని వేరొక ఇంటిలో పెట్టుడు. నేడు నాలుగు టెరాబైట్ల డిస్కు సామాన్యులకు అందుబాటులోనిదే. గంటకు 1.8 గిగాబైట్ల చొప్పున అందు రెండువేల రెండువందల గంటలు పట్టును. అట్టి కాలమున ఒక్క గంటను పొదుపుచేయబోయి పోగొట్టుకొనుట అవివేకము.

యంత్రమునకు పని యప్పగించుట తప్పు కాదు. ప్రతిరాత్రి మేల్కొని ఫైళ్లను కుదించుచు కూర్చుండుట యెవరికి సాధ్యము? కాని యంత్రమునకు అప్పగింపదగిన పనులలో చివరిది చెరుపుట. కుదింపు చెడినచో మరల కుదింపవచ్చును. పేరు తప్పినచో దిద్దవచ్చును. చెరుపుట యొక్కటియే తిరిగి చేయరానిది. దానికి మాత్రము మనిషి యనుమతి ఉండవలెను.

మిగిలినదేమని మీరడుగవచ్చును. ఆ సభలో పృచ్ఛకులైనవారు కొందరు, పాతశిష్యులము కొందరము ఒక ఆదివారము కూర్చుంటిమి. ఎవరి కాగితములు వారు తెచ్చిరి. నిషిద్ధాక్షరి దొరకినది. సమస్యాపూరణము దొరకినది. వర్ణన దొరకినది. దత్తపదిలో మొదటి పాదము నా యంత్రము దాచిన యిరువది మూడు నిమిషములందు ఉన్నది. రెండవ పాదము, నాలుగవ పాదము పృచ్ఛకునకు జ్ఞాపకమున్నవి. మూడవ పాదము మాత్రము ఎవరికిని తోచలేదు. నేటికిని దొరకలేదు.

"యతి, ప్రాస తెలిసినవే, ఇచ్చిన పదము తెలిసినదే, నీవే పూరింపరాదా?" అని యొక మిత్రుడనెను. పూరింపగలను. దృశ్యమున ఒక గడి లోపించినపుడు చుట్టుప్రక్కల గళ్లను చూచి యంత్రము దానిని ఊహించి పూడ్చును; చూచువారికి తెలియనైన తెలియదు. గోడకు, ఆకసమునకు అది చెల్లును. గురువుగారి పాదమునకు చెల్లదు. కావున నా వ్రాతపుస్తకమున ఆ పంక్తిని చుక్కలతో విడిచియుంచితిని. ఈ ప్రసంగమును వినుచున్నవారిలో ఎవరైనను ఆ సాయంకాలము ఆ కార్యక్రమమును తమ యింట పట్టియుంచిన వారున్నచో, దయచేసి దానిని తెరచి, చివరి నిమిషమువరకు చూచి, ఉన్నదని తెలిసినచో చెరుపక యుంచుడు. మా గురువుగారి ధారణ అందున్నది.